రామగుండం సున్నా ఉద్గారాల ప్రణాళిక: నా ముసాయిదా

2070 నాటికి నెట్ జీరో, అంటే వదిలే కర్బనం, తిరిగి పీల్చుకునే కర్బనం సరిసమానం అవుతామని 2021లో గ్లాస్గోలో దేశం మాటిచ్చింది. రామగుండానికి అంత టైమ్ అక్కర్లేదు. లెక్క రాయడం వస్తే వచ్చే ఏడాదికే అయిపోతాం.

ఎన్టీపీసీ పాత బొగ్గు కరెంటు ప్లాంటు 2,600 మెగావాట్లు, పక్కనే తెలంగాణ ప్లాంటు ఇంకో 1,600. చిమ్నీలు చూసి కంగారుపడకండి. నగరాల కర్బన లెక్కలకు ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది, అందులో గ్రిడ్‌కు పంపే కరెంటు తాలూకు పొగను ఊరి మొత్తంలో కలపరు, విడిగా చూపిస్తారు. కరెంటు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లకు పోతోంది కాబట్టి పొగ కూడా వాళ్లదే. వాళ్లొచ్చి పట్టుకెళ్లేదాకా మన నెత్తిమీద ఉంటుంది, అంతే. పరాయి సొమ్ము, జాగ్రత్తగా చూసుకోవాలి.

బొగ్గు తవ్వేది ఇక్కడే అయినా పొగ లెక్క కాల్చిన చోటే. 1971 నాటి 62.5 మెగావాట్ల బీ-థర్మల్ కరెంటు కేంద్రం ముసలిదై మూతపడింది, దాన్ని మన ఘనకార్యం కింద వేసుకున్నాం. ఇక సున్నాకి అడ్డంపడుతున్నది ఆటోలు, గోదావరిఖనిలో మిర్చి బండ్లు. "అన్నా, గ్యాస్ బంద్ చేసి ఇండక్షన్ పెట్టుకో" అంటే, "బిల్లు నువ్ కడ్తవా సారూ?" అని అడుగుతాడు. వాతావరణంపై అవగాహన ఎంత తక్కువో చూశారా!

రిజర్వాయరు నీళ్లమీద 100 మెగావాట్ల తేలే సోలార్ 2022 నుంచి నడుస్తోంది. నిజంగా మంచి పని, అందుకే ఈ ప్రణాళిక పుస్తకం అట్టమీద దాని ఫొటోనే. డ్రోన్ కుర్రాడికి ఒకటే మనవి, కెమెరా కాస్త కిందికి వంచు నాయనా, వెనక చిమ్నీలు పడతాయి.

డాబాల మీద సోలార్ కూడా పెడతాం, 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. కాకపోతే పొద్దున తడిగుడ్డతో తుడిచిన పలక మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. అది బూడిదా, బొగ్గు దుమ్మా, లారీలు లేపిన మట్టా తేల్చడానికి కమిటీ వేస్తాం. బూడిదలో పోసిన పన్నీరు అని మాత్రం అనకండి, కమిటీవాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

బొగ్గుబాయిలు మూతపడితే అందులో దిగేవాడి కొడుకు ఏ పని చేసుకోవాలో చెప్పే పేజీ ఎక్కడ అని ఒకాయన అడిగాడు. ఆ పేజీ వేయలేదండీ. కాగితం ఆదా.