నొప్పి పడకుండా కనేసిందట!

ఇప్పుడే చెల్లిని చూసొచ్చాను. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. సిజేరియన్ అయ్యి నాలుగో రోజు. మంచం దిగాలంటే ముందు పక్కకు ఒరగాలి, పొట్టకు దిండు అదుముకోవాలి, పళ్లు బిగబట్టాలి. దగ్గొస్తే కళ్లలో నీళ్లు. సరిగ్గా అప్పుడే మా బాబాయ్ వచ్చి, "ఏమ్మా, నొప్పి పడకుండా హాయిగా కనేశావుగా!" అన్నాడు.

హాయిగానా? పొరలు పొరలుగా గర్భసంచి దాకా కోసి, మళ్లీ కుట్టడం హాయా? ఒక్క పన్ను పీకించుకుని వారం రోజులు మూలిగిన మనిషి మాట ఇది.

అవును, అవసరం లేకపోయినా తనే అడిగి చేయించుకుంది. పురిటి నొప్పులంటే దానికి నిద్ర పట్టనంత భయం. నాకు నచ్చలేదు, గొడవ కూడా పడ్డాను. కుట్లకు చీము పట్టొచ్చు, కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. ఇంకో బిడ్డ కావాలనుకుంటే పాత కోత దగ్గర మాయ లోపలికి అతుక్కుపోయే ప్రమాదం ఉంది, కోత కోతకీ అది పెరుగుతుంది. ఇవన్నీ డాక్టరమ్మ దానికి కూర్చోబెట్టి చెప్పింది. 38వ వారంలోనే చేసేయమని ఇది మారాం చేస్తే, "39 నిండనీ, లేకపోతే బిడ్డ ఊపిరికి ఇబ్బంది" అని ఆపిందీ ఆవిడే. అంతా వినే సంతకం పెట్టింది. మధ్యలో బాబాయ్‌కేంటి? కాన్పుల్లో సిజేరియన్లు 10-15 శాతం దాటక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో చెప్పిన లెక్క వాట్సాప్‌లో చదివాడట. బాబాయ్, అది జనాభా మొత్తానికి వేసిన లెక్క. మా చెల్లి పొట్టకి వేసింది కాదు.

అసలు నా మంట వేరే ఉంది. పదకొండేళ్ల కిందట నాది "నార్మల్". బిడ్డ తల బయటికొస్తూ మలద్వారం దాకా చీరేసింది. నెలల తరబడి సరిగ్గా కూర్చోలేదు. ఇప్పటికీ గట్టిగా నవ్వితే బట్టలు తడుస్తాయి. ముందే అనుకుని చేయించుకునే సిజేరియన్‌లో ఈ చీలిక ఉండదని, ఇలా తడిసే బాధ కూడా తక్కువని నాకప్పుడు చెప్పిన నాథుడు లేడు. సంతకం కూడా అడగలేదు, నార్మల్ కదా! చూడ్డానికొచ్చిన ఇదే బాబాయ్, "అదృష్టవంతురాలివి, కత్తి పడలేదు" అన్నాడు. కత్తెరా సూదీ పడ్డాయి బాబాయ్, నువ్వు అడగలేదంతే.

ఇవాళ వచ్చేస్తుంటే గుమ్మంలో తుమ్మొచ్చింది. కాళ్లు రెండూ దగ్గర పెట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాను. వెనక నుంచి బాబాయ్, "జలుబు చేసిందా అమ్మా?" అన్నాడు.