బొమ్మ కొన్నంత మాత్రాన సిమ్యులేషన్ కాదు

నర్సింగ్ విద్యలో సిమ్యులేషన్ ల్యాబ్ (నిజమైన రోగి లేకుండానే వార్డు పరిస్థితులను అనుకరిస్తూ సాధన చేయించే గది) మాట రాగానే చర్చంతా మానికిన్ (రోగి స్థానంలో వాడే నిలువెత్తు బొమ్మ) ఖరీదు చుట్టూ, అది ఊపిరి తీసుకుంటుందా, కళ్లు ఆర్పుతుందా అన్న ప్రశ్నల చుట్టూ తిరగడం నాకు బాధ కలిగిస్తుంది. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ పాఠశాల కోసం మార్తా చేజ్ తయారుచేసిన బొమ్మకు ఆ హంగులేవీ లేవు. అయినా రోగిని ఎత్తడం, పక్కకు తిప్పడం విద్యార్థినులు దానిమీదే సాధన చేశారు.

వార్డులో విద్యార్థికి దాదాపు ఎన్నడూ దక్కనిది ఒకటుంది: తానే నిర్ణయం తీసుకుని, దాని ఫలితాన్ని చివరిదాకా చూడటం. శస్త్రచికిత్స తర్వాత లోపల రక్తస్రావం మొదలైన రోగిలో సాధారణంగా ముందు నాడి వేగం పెరుగుతుంది, రక్తపోటు కొంతసేపు నిలకడగానే కనిపించి ఆ తర్వాత పడిపోతుంది. పల్స్ 96, 108, 124 అని చార్టులో రాసుకుంటూ, బీపీ బాగానే ఉంది కదా అని విద్యార్థి ఊరుకుంటే, వార్డులో సీనియర్ నర్సు వెంటనే కలగజేసుకుంటారు. అక్కడున్నది ప్రాణం కనుక కలగజేసుకోవలసిందే. ల్యాబ్‌లో బోధకులు ఆగగలరు, బీపీ పడిపోయేదాకా కథ నడవనివ్వగలరు.

ఆ తర్వాత జరిగే డీబ్రీఫింగే, అంటే జరిగినదాన్ని విద్యార్థితో కలిసి నెమరువేసుకునే చర్చే, అసలు పాఠం. 108 చూసినప్పుడు ఏమనుకున్నావని నిదానంగా అడిగితే, అనుమానం అప్పుడే వచ్చిందనీ, డాక్టర్ విసుక్కుంటారన్న భయంతో ఫోన్ చేయలేదనీ విద్యార్థి చెప్పవచ్చు. అంటే లోపం చదువులో లేదు, నోరు తెరిచి చెప్పే ధైర్యంలో ఉంది. ఇప్పుడు ఏం జరుగుతోంది, నేపథ్యం ఏమిటి, నా అంచనా ఏమిటి, మీరేం చేయాలని కోరుతున్నాను అన్న వరుసలో ఆ ఫోన్ సంభాషణను అక్కడికక్కడే మళ్లీ చేయించవచ్చు. ఈ సంభాషణకు ఖరీదైన బొమ్మ అవసరమే లేదు. అందరి ముందూ తప్పులు ఎంచి మార్కులు కోసే చోట మాత్రం ఏ విద్యార్థీ అంత నిజం చెప్పదు.

అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో వెలువరించిన అధ్యయనం, క్లినికల్ గంటల్లో, అంటే విద్యార్థులు వార్డుల్లో రోగుల దగ్గర నేర్చుకునే సమయంలో, సగం వరకు సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. యాజమాన్యాలకు ఈ వాక్యం ఎంతో నచ్చుతుంది. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్న కళాశాలల్లో డీబ్రీఫింగ్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన బోధకులు ఉన్నారన్న సంగతిని వదిలేసి వార్డు గంటలను తగ్గించడం విద్యార్థులకూ, రేపు వారి చేతుల్లో పడబోయే రోగులకూ అన్యాయం. మానికిన్‌కు ఆర్డరు పెట్టే ముందే ఇద్దరు ముగ్గురు బోధకులను ఆ శిక్షణకు పంపాలి, వారి టైంటేబుల్‌లో డీబ్రీఫింగ్‌కు విడిగా సమయం కేటాయించాలి.