కాడు టికెట్ కొనుక్కుని రమ్మంటోంది

ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అని మన పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. లండన్‌లోని హైగేట్ కాడు ఏ వయసువాళ్లనైనా రమ్మంటుంది, టికెట్ కొనుక్కుంటే చాలు. ఆ ముచ్చటా తీర్చుకున్నాను. చావు విషయంలో మన జాతి ఎంత వెనకబడిందో అక్కడే తెలిసింది.

నగరంలో చర్చి ఆవరణలు శవాలతో కిక్కిరిసిపోతే, 1839లో ఒక ప్రైవేటు కంపెనీ ఈ కొండ మీద వెంచర్ వేసింది. అందులో 'ఈజిప్టు వీధి' అని ఒక గేటెడ్ కమ్యూనిటీ కూడా ఉంది. తామర స్తంభాల ద్వారం, లోపల రెండు పక్కలా తలుపులు బిగించిన గదులు. మెయింటెనెన్స్ గురించి గొడవపడేవాళ్లు ఒక్కరూ లేరు.

ఎటు చూసినా సమాధుల మీద రాతి కలశాలే. ఒకదాని దగ్గర వంగి చూశాను. కలశం మీంచి రాతి గుడ్డ సగం జారి ఉంది. మడత మడతకీ నాచు, అంచున కుచ్చులు కూడా చెక్కారు. అది అస్థికల పాత్రట! కింద పడుకున్నాయన్ని మాత్రం ఎవరూ దహనం చేయలేదు. ఇంగ్లండులో దహనవాటిక మొదలైందే 1885లో. కాల్చే మనం అస్థికలు గోదాట్లో కలిపి వచ్చేస్తాం. పూడ్చే వాళ్లు ఖాళీ కుండకి పట్టుగుడ్డ కప్పి నెత్తిన పెట్టుకున్నారు.

విరిగిన స్తంభమంటే అర్ధాంతరంగా ముగిసిన జీవితం. దాన్ని పనిగట్టుకుని విరిగినట్టే చెక్కించారు. మన కాంట్రాక్టర్లయితే ఏ శోకమూ లేకుండానే ఆ ఫలితం సాధిస్తారు.

జంతు ప్రదర్శనల యజమాని వూంబ్‌వెల్ 1850లో పోయాడు. ఆయన సమాధి మీద నీరో అనే సింహం నిద్రపోతోంది. బతికినన్నాళ్లూ బోనులో ఊరూరా తిరిగింది, ఇప్పుడేమో ఓనరు గుండెల మీదే డ్యూటీ. ముష్టియోధుడు టామ్ సేయర్స్ సమాధి మీద ఆయన కుక్క. దాని పేరు లయన్. 1865లో ఆయన శవయాత్రలో అదే ప్రధాన శోకతప్తుడి హోదాలో బండెక్కి వెళ్లింది. మన దగ్గర ఆ హోదా కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు.

మార్క్స్ గారు తూర్పు వైపున్నారు. అక్కడా టికెట్టే.

సాయంత్రం ఉత్సాహంగా అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "గుమ్మంలోకి రాకముందు తలస్నానం చేశావా?" అంది. ఫ్లాట్‌లో బాత్రూమ్ లోపలే ఉంటుందమ్మా అన్నాను.

కాసేపు మాట్లాడలేదు.

"డబ్బులిచ్చి మరీ మైల కొనుక్కొచ్చావా?"