స్పానిష్ భూతకాలాలను పట్టికలతో నేర్పడం మానాలి

స్పానిష్ నేర్చుకునే తెలుగువాళ్ళలో, అమెరికా హైస్కూళ్ళలో ఆ భాష తీసుకున్న మన పిల్లలతో సహా, నేను చూసినవారిలో ఎక్కువమంది తడబడే చోటు ఒకటే. జరిగిపోయిన విషయం చెప్పవలసి వచ్చినప్పుడు ‘కొమీ’ అనాలా, ‘కొమీయా’ అనాలా అని ఆగిపోతారు. రెండూ ‘తిను’ అనే అర్థమున్న క్రియకు భూతకాల రూపాలే. మొదటిదాన్ని ఇందెఫినీదో అనీ, రెండోదాన్ని ఇంపెర్ఫెక్తో అనీ అంటారు. రూపాలను గుర్తుపెట్టుకోవడం అంత భారం కాదు. ఇంపెర్ఫెక్తోలోనైతే ‘సేర్’ (ఉండు), ‘ఈర్’ (వెళ్ళు), ‘బేర్’ (చూడు) అనే మూడు క్రియలు తప్ప మిగిలినవన్నీ నియమం దాటవు. కష్టమంతా ఎంపికలోనే ఉంది. ఆ ఎంపికను మనకు నేర్పుతున్న పద్ధతి తప్పని నా దృఢమైన అభిప్రాయం.

ఆ పద్ధతి ఏమిటంటే, ఒక పట్టిక ఇచ్చి బట్టీ పట్టమనడం. వాక్యంలో నిన్న, పోయిన ఏడాది, హఠాత్తుగా వంటి మాటలు కనబడితే ఇందెఫినీదో వాడమంటారు. ఎప్పుడూ, రోజూ, చిన్నప్పుడు వంటివి కనబడితే ఇంపెర్ఫెక్తో వాడమంటారు. మొదటి వారం ఇది పనిచేసినట్టే ఉంటుంది. తరువాత విద్యార్థి ఒక స్పానిష్ పత్రిక తెరిచేసరికి పట్టిక చెప్పినదానికి విరుద్ధమైన వాక్యాలే ఎదురవుతాయి. ‘నిన్న ఎనిమిదింటికి నేను ఇంట్లో ఉన్నాను’ అనడానికి ‘ఆయెర్ అ లాస్ ఓచో ఎస్తాబా ఎన్ కాసా’ అంటారు. ‘నిన్న’ ఉన్నా అక్కడ ఉన్నది ఇంపెర్ఫెక్తో. ‘అతను నాతో ఎప్పుడూ మంచిగానే ఉన్నాడు’ అనడానికి ‘సియెంప్రే ఫుఏ అమాబ్లే కొన్మీగో’ అనవచ్చు; ‘ఎప్పుడూ’ ఉన్నా అది ఇందెఫినీదో. ఎక్కువ కాలం సాగినదానికి ఇంపెర్ఫెక్తో అనే సూత్రమూ అంతే. ఐబీరియా ద్వీపకల్పంలో 711లో మొదలై 1492లో గ్రనాదా లొంగుబాటుతో ముగిసిన ముస్లిం పాలన గురించి ‘దురో కాసి ఓచో సీగ్లోస్’, అంటే దాదాపు ఎనిమిది శతాబ్దాలు సాగిందని, నిస్సందేహంగా ఇందెఫినీదోలోనే రాస్తారు. ఎనిమిది వందల ఏళ్ళ వ్యవధి కూడా ఆ క్రియను ఇంపెర్ఫెక్తోలోకి మార్చలేకపోయిందంటే, నిర్ణయించేది వ్యవధి కాదని ఒప్పుకోవలసిందే.

నిర్ణయించేది చెప్పేవాడి చూపు. జరిగినదాన్ని మొదలూ చివరా ఉన్న ఒక మొత్తంగా బయటినుంచి చూస్తే ఇందెఫినీదో వస్తుంది. అది ఇంకా సాగుతున్న ఒక క్షణంలో నిలబడి లోపలినుంచి చూస్తే ఇంపెర్ఫెక్తో వస్తుంది. వెనెజువేలాలో పుట్టి చిలీలో స్థిరపడిన ఆంద్రేస్ బేయో 1847లో ప్రచురించిన వ్యాకరణంలో ఇంపెర్ఫెక్తోకు ‘కోప్రెతేరితో’ అని పేరు పెట్టాడు. గతంలోని మరో సంగతితో పాటు అదే సమయంలో ఉన్నది అని దాని భావం. మెక్సికో బడుల్లో ఇప్పటికీ ఆ పేరు వాడతారు. ‘అసంపూర్ణం’ అనే అర్థమిచ్చే పాత పేరుకన్నా ఇది వెయ్యి రెట్లు మేలైన పేరు, ఎందుకంటే పేరులోనే వాడుక చెబుతోంది.

నా వాదనకు ఒకే ఒక్క జత వాక్యాలు చాలు. ‘కువాందో యెగే అ కాసా, మి అబువేలా కొసినాబా’ అంటే నేను ఇంటికి చేరేసరికి అమ్మమ్మ వంట చేస్తోంది. ఆ చివరి క్రియను ‘కొసినో’ అని మారిస్తే, నేను ఇంటికి చేరాక అమ్మమ్మ వంట చేసింది అవుతుంది. మొదటి వాక్యంలో వంట అప్పటికే సాగుతోంది. రెండోదానిలో నా రాక తరువాతే పొయ్యి వెలిగింది. ‘అప్పుడు’ అనే అర్థమిచ్చే ‘కువాందో’ మారలేదు, మరే కాలసూచక పదమూ లేదు, అయినా కథ మారిపోయింది. పట్టిక నమ్ముకున్న విద్యార్థికి ఈ జతలో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది ‘అర్థం మారే క్రియలు’ అనే మరో పట్టిక. ‘సబేర్’ (తెలియడం), ‘కొనొసేర్’ (పరిచయం ఉండడం), ‘కెరేర్’ (కోరడం), ‘పొదేర్’ (చేయగలగడం) వంటి నాలుగైదు క్రియలకు ఇందెఫినీదోలో వేరే అర్థం వస్తుందని చెప్పి, వాటి ఇంగ్లీషు సమానార్థకాలను కంఠస్థం చేయిస్తారు. నిజానికి ఆ క్రియల అర్థం మారదు. ఒక స్థితిని బయటినుంచి మొత్తంగా చూసినప్పుడు దాని ప్రారంభం కంటికి కనబడుతుంది, అంతే. ‘సబీయా’ అంటే నాకు అప్పటికే తెలుసు. ‘సూపే’ అంటే నాకు తెలిసింది. ‘కొనొసీయా’ అంటే అతనితో పరిచయం ఉంది. ‘కొనొసీ’ అంటే పరిచయమయింది. ‘నో కెరీయా బెనీర్’ అంటే అతనికి రావాలని లేదు, అయినా వచ్చి ఉండవచ్చు; ‘నో కీసో బెనీర్’ అంటే రానన్నాడు, రాలేదు. ఇది ఆ నాలుగైదు క్రియలకే పరిమితమూ కాదు. సినిమా చూసి బయటికి వచ్చి నచ్చిందని చెప్పేవాడు ‘మె గుస్తో’ అంటాడు, చిన్నప్పుడు ఆ పాటలంటే ఇష్టంగా ఉండేదని చెప్పేవాడు ‘మె గుస్తాబాన్’ అంటాడు.

పైన నేను ఇచ్చిన తెలుగు వాక్యాలను మరొక్కసారి చూడండి. తెలుసు, తెలిసింది అన్న తేడా మనకు ఎవరూ నేర్పలేదు. ‘మేం హైదరాబాదులో ఉండేవాళ్ళం’ అనడానికీ ‘మేం పదేళ్ళు హైదరాబాదులో ఉన్నాం’ అనడానికీ ఉన్న తేడాను మన ఇళ్ళలో చదువురాని పెద్దవాళ్ళు కూడా ఎన్నడూ పొరబడరు. మొదటిది ఇంపెర్ఫెక్తో చూపు, రెండోది ఇందెఫినీదో చూపు. ఇంత స్పష్టమైన తేడా సొంత భాషలో ఉన్న విద్యార్థిని, రెంటికీ తరచుగా ఒకే భూతకాల రూపం వాడే ఇంగ్లీషు దారిలో నడిపించి, అక్కడ లేని తేడాను పట్టికలతో పూడ్చడం అన్యాయం. తెలుగు అన్నిచోట్లా సరిపోతుందని నేను అనను. తినేవాడు, తింటున్నాడు అని మనం విడదీసేవాటిని స్పానిష్ ‘కొమీయా’ ఒక్కటే మోస్తుంది. ‘మా తాతగారు డాక్టరు’ అన్నప్పుడు మనకు క్రియే లేదు, స్పానిష్‌లో మాత్రం ‘సేర్’ క్రియకు ఇంపెర్ఫెక్తో అయిన ‘ఎరా’నో, ఇందెఫినీదో అయిన ‘ఫుఏ’నో ఎంచుకోక తప్పదు. అటువంటి చోట్లను ముందే చెప్పి హెచ్చరించడం ఉపాధ్యాయుడి పని.

‘తిన్నాను’ అనడానికే వాడే మూడో రూపమైన ‘ఏ కొమీదో’ గొడవ వేరు, అది ఎక్కువగా ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. ఈ ఉదయం టిఫిను తిన్నానని మాద్రిద్‌లో ‘ఏ దెసాయునాదో’ అంటే, మెక్సికోలోనూ బ్వేనోస్ ఐరెస్‌లోనూ ‘దెసాయునే’ అనడమే సహజం. స్పెయిన్‌లోనే గలీసియా, అస్తూరియాస్ వాసులు కూడా ‘దెసాయునే’ వైపే మొగ్గుతారు. ఏ దేశపు వాడుక నేర్పుతున్నారో మొదటి రోజునే చెబితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఇక పరీక్షల సంగతి. ఖాళీలు పూరించమని విడి వాక్యాలు ఇచ్చి, ఒక్కటే సరైన జవాబని మార్కులు కోయడం వెంటనే మానాలి. ‘మి అబువేలో ఎరా మేదికో’, ‘మి అబువేలో ఫుఏ మేదికో’ రెండూ సరైన స్పానిషే. ఒకదానిలో తాతగారు డాక్టరుగా ఉన్న రోజులు కళ్ళముందుంటాయి, మరొకదానిలో ఆయన ముగిసిన జీవితం మొత్తంగా కనబడుతుంది. ఖాళీకి ముందూ వెనకా కథ ఇవ్వకుండా వీటిలో ఒకదాన్ని తప్పనే అధికారం ఏ ప్రశ్నపత్రానికీ లేదు. నేను ప్రశ్నపత్రం తయారుచేస్తే రెండు రూపాలనూ నేనే ఇచ్చి, ఏది రాస్తే కథ ఎటు తిరుగుతుందో తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పమంటాను, మార్కులన్నీ ఆ వివరణకే వేస్తాను.