ఏడో నొక్కుకు లేచే పెద్దమనిషి

మా ఇంటి డెస్క్‌టాప్ కంప్యూటర్ పాడైపోయిందని ఇంటిల్లిపాదీ ప్రచారం చేస్తున్నారు. ఈ అపవాదును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. దాని వయసు పదిహేనేళ్లు. బటన్ నొక్కగానే లేవదన్నది ఒక్కటే ఆరోపణ. ఒక్క పిలుపుకే పక్క దిగేవాళ్లు ఈ ఇంట్లో ఎందరున్నారో ముందు తేలాలి.

దానికంటూ ఒక పద్ధతి ఉంది. మొదటి నొక్కుకు ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగుతుంది. విన్నానని అర్థం. రెండో నొక్కుకు ముందువైపు దీపం ఒకసారి మినుకుమంటుంది. మూడు నుంచి ఆరు దాకా మౌనం. ఏడో నొక్కుకు లోపలెక్కడో టక్కుమని, హోరుమంటూ లేచి కూర్చుంటుంది. తేదీ అడిగితే మాత్రం 2009 జనవరి 1 అంటుంది. మదర్‌బోర్డు అనే ప్రధాన పలక మీద నాణెమంత బ్యాటరీ నీరసించిందట. దాని పేరు సీఆర్2032. ఆ అంకెలు 20 మిల్లీమీటర్ల వెడల్పుకూ 3.2 మిల్లీమీటర్ల మందానికీ గుర్తని తెలిసేదాకా, 2032 వరకు ఢోకా లేదనే ధీమాతో ఉన్నాను.

సలహాలకు కొదవ లేదు. ఒకాయన వైరస్ అన్నాడు. కరెంటే అందని పెట్టెలో ఏ వైరస్ కాపురం పెడుతుందో ఆయనకే తెలియాలి. విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరి అన్నాడు ఇంకొకాయన. నేనేమో ర్యామ్ అనే మెమరీ పలక ఊడదీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించాను. ర్యామ్ మీద నాకేమీ అనుమానం లేదు. చేతికందే చోట ఉంది, అంతే. విచారణ ఎప్పుడూ అందినవాడితోనే కదా మొదలయ్యేది!

చివరికి నేనొక విధాన నిర్ణయం తీసుకున్నాను: ఇకపై ఆపేదే లేదు. 'ఆపరాదు' అని కాగితం రాసి అంటించాను. మూడు వారాలు దివ్యంగా నడిచింది. ఆ తర్వాత ఎవరో పుణ్యాత్ములు కరెంటు వృథా అవుతోందని ఆపేశారు.

మేనల్లుడు వచ్చాడు. బటన్ తీగలు పీకి, మదర్‌బోర్డు మీద ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కలిపాడు. అదే తంతు. బటన్ నిర్దోషి అని తేలింది. తర్వాత మదర్‌బోర్డుకు కరెంటు తెచ్చే 24 పిన్నుల ప్లగ్గు ఊడదీసి, ఆకుపచ్చ తీగను నల్ల తీగతో క్లిప్పు పెట్టి కలిపి మీటర్ ఆనించాడు. 12 వోల్టులు రావాల్సిన చోట 10.8.

"మామయ్యా, 11.4 దాకా అయితే ఓర్చుకోవచ్చు. కరెంటు అందించే పెట్టె, అదే ఎస్‌ఎంపీఎస్, పోయింది."

అందులో కరెంటును కాసేపు దాచుకునే కెపాసిటర్ల ద్రవం ఎండిపోయిందట. చల్లగా ఉంటే అవి మొరాయిస్తాయట. నొక్కినప్పుడల్లా కాస్త వేడెక్కి, ఏడోసారికి దారికొస్తాయట. ఇన్నాళ్లూ నేను దాన్ని గాంభీర్యం అనుకున్నాను. విప్పి చూద్దామంటే వాడు ఒప్పుకోలేదు. ప్లగ్గు తీసేసినా లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చట.

కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించాం. మొదటి నొక్కుకే లేచింది. అంత తొందరపాటు నాకు నచ్చలేదు. పైగా చేతికి అలవాటాయె, రెండోసారి కూడా నొక్కేశాను. ఆరిపోయింది.