సవరణ: యునీక్ కాలమ్‌లో నల్ ఎన్నిసార్లు?

డేటాబేస్ టేబుల్‌లో యునీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) ఉన్న కాలమ్‌లో నల్ (విలువ లేని ఖాళీ) ఒక్కసారే పడుతుందని ముందటి పోస్ట్‌లో ఉంది. అది ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి కొన్ని డేటాబేస్‌ల విషయంలోనే సరి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో ఎన్ని నల్‌లైనా పడతాయి. నల్‌ను నల్‌తో పోలిస్తే వచ్చే జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’. అందుకే అవి డూప్లికేట్లుగా లెక్కకు రావు. (అదే వరసలను గుంపులుగా చేసే గ్రూప్ బైలో మాత్రం నల్‌లన్నీ ఒకే గుంపు! ఈ తర్కం నాకెప్పుడూ మింగుడుపడదు.)

అసలు టెన్షన్ రెండు కాలమ్‌ల యునీక్‌తో. కస్టమర్ ఐడీ, కూపన్ కోడ్ కలిపి యునీక్ పెట్టి, కోడ్‌ను నల్‌గా వదిలేస్తే పోస్ట్‌గ్రెస్‌లో అదే కస్టమర్ వరస మళ్లీ మళ్లీ చేరిపోతుంది, ఎర్రర్ రాదు. కోడ్ తప్పనిసరైతే నాట్ నల్ (ఖాళీగా వదలనివ్వని నియమం) పెట్టండి. కాకపోతే పోస్ట్‌గ్రెస్ 15 నుంచి, నల్‌లను కూడా ఒకదానికొకటి సమానంగా లెక్కించే ‘నల్స్ నాట్ డిస్టింక్ట్’ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎక్కువ నల్‌లు కావాలంటే నల్ కాని వరసలకే వర్తించేలా ఫిల్టర్డ్ యునీక్ ఇండెక్స్ వాడాలి.