దోమల నూనె సీసాపై గంటలు రాయాలి

వానలు మొదలయ్యాయంటే బెంగళూరులోని మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో డెంగ్యూ మాటే. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయోనన్న టెన్షన్, ఏ ఆస్పత్రిలో బెడ్ దొరుకుతుందన్న వాకబు, ఆ వెంటే ఒక సలహా: కెమికల్ దోమల మందులు మానేసి సిట్రొనెల్లా (ఒక రకం నిమ్మవాసన గడ్డి) నూనె, నీలగిరి తైలం వాడండి, పిల్లలకు ఏమీ కాదు. ఈ సలహాను కొట్టిపారేయలేం. యథాతథంగా ఒప్పుకుంటే మాత్రం ప్రమాదం.

మొక్కల నూనెల్లో సత్తా ఉంది. కాయిల్స్‌లో, ప్లగ్గుకు పెట్టే రీఫిల్‌లో ఉండే పైరిత్రాయిడ్లనే దోమల మందులకు మూలం ఒక రకం చామంతి పువ్వే. ఆ పువ్వులోని గుణాన్ని అనుసరించి ఫ్యాక్టరీల్లో చేసిన మందులను దశాబ్దాలుగా వాడీ వాడీ చాలాచోట్ల దోమలు వాటికి లొంగడం మానేశాయి. లవంగ నూనెలోని యూజినాల్, వాము నూనెలోని థైమాల్ పురుగు నాడులపై వేరే దారిలో పనిచేస్తాయి. ల్యాబుల్లో దోమ లార్వాలను చంపుతున్నాయి కూడా. సుగంధ మొక్కలపై పనిచేసే సీమాప్ పరిశోధన కేంద్రం మన బెంగళూరులోనే ఉంది. ఇలాంటి చోట్ల జరిగే పనికి ప్రభుత్వం ఉదారంగా డబ్బు ఇవ్వాలి.

చిక్కంతా అమ్మకంలో ఉంది. ఈ నూనెలు ఇట్టే ఆవిరవుతాయి. ఆ వాసన మనకు తెలిసేది అందుకే, అవి నిలవనిదీ అందుకే. చర్మానికి రాసిన సిట్రొనెల్లా మామూలుగా గంట, రెండు గంటలకు మించి కాపాడదు. డెంగ్యూను మోసే ఏడిస్ దోమ కుట్టేది పగలు. పొద్దున్నే నూనె రాసి స్కూల్ బస్సు ఎక్కించిన పిల్లకు మధ్యాహ్నం దాకా రక్షణ ఉందని తల్లి నమ్ముతోంది. ఆ నమ్మకం తప్పని ఆమెకు ఎవరు చెప్పారు? నిమ్మవాసన నీలగిరి నుంచి వచ్చే పీఎండీ అనే పదార్థం ఎక్కువసేపు పనిచేస్తుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దాన్ని సిఫారసు చేస్తూనే మూడేళ్లలోపు పిల్లలకు వాడొద్దంటుంది. కొట్లో దొరికే మామూలు నీలగిరి తైలం అది కాదు.

సహజమైనది కాబట్టి హాని లేదన్న మాట ఇంకా బాధ కలిగిస్తుంది. నీలగిరి తైలం, కర్పూరం ఉన్న నూనెలు, బామ్‌ల వల్ల కొందరికి ఫిట్స్ రావడాన్ని ఈ నగరంలోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నాడీ వైద్యులే అధ్యయనం చేసి బయటపెట్టారు. చిన్నపిల్లలు తాగితే కొద్దిపాటి నూనె కూడా ప్రాణం మీదికి తెస్తుంది. కర్పూరం కలిపిన నూనెను ఖాళీ రీఫిల్‌లో నింపి పసిబిడ్డ గదిలో పెట్టే చిట్కాలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. దయచేసి వాటిని ఇంకొకరికి పంపకండి.

సీసాపై నాలుగు మాటలు ఉండాలని మేం కోరుతున్నాం: ఏ నూనె, ఎంత శాతం, ఎన్ని గంటలు, ఏ వయసు వారికి వద్దు. పరీక్షలో తేలిన గంటలే రాయాలి. మూలికా సరుకు అన్న పేరుతో ఈ పరీక్షను తప్పించుకునే వీలు ఎవరికీ ఉండకూడదు.

ఏ నూనె రాసుకున్నా ఏడిస్ ఎక్కువగా పుట్టేది మనం పట్టి ఉంచుకున్న మంచినీళ్లలో. 2024 వేసవిలో నీటి కరువు వచ్చినప్పుడు డ్రమ్ములు కొనని వీధి లేదు. ఈ దోమ గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని నీళ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే పారబోస్తే చాలదు, వారానికోసారి బ్రష్‌తో రుద్ది కడగాలి. అదే ఏడాది సెప్టెంబరులో కర్ణాటక డెంగ్యూను అంటువ్యాధిగా ప్రకటించి, నగరాల్లో దోమలు పెరగనిచ్చిన ఇంటికి 400, నిర్మాణ స్థలానికి 2,000 రూపాయల జరిమానా పెట్టింది. కోట్ల రూపాయల టవర్ కట్టే బిల్డర్‌కు రెండు వేలు ఒక లెక్కా? కర్నూలు, అనంతపురం నుంచి వచ్చిన కూలీలు ఆ టవర్ల పక్కనే రేకుల షెడ్లలో, మూతల్లేని డ్రమ్ముల నడుమ ఉంటున్నారు. వాళ్లకు సిట్రొనెల్లా సీసా కొనుక్కోమని ఏ నోటితో చెబుతాం? నగరం ఇప్పుడు ఐదు కార్పొరేషన్లయింది. ప్రతి కార్పొరేషన్ తన పరిధిలోని షెడ్లలో డ్రమ్ములకు మూతలు, వారం వారం తనిఖీ బిల్డర్ ఖర్చుతోనే జరిగేలా చూడాలి. ఎవరికి ఎంత జరిమానా వేశారో వార్డుల వారీగా ప్రకటించాలి.